బార కంగుళము



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ అను నూళ్ళు కలవు. ఇప్పుడు వానిని ఊళ్ళనుట పేరునకు మాత్రమే. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్స్ అను పదియంతస్తుల భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేళ్ళు ఆ తరువాత నందఱి నోళ్ళను నానినవి. మీలో పెక్కుమంది కొడుకులో, కూతుండ్రో, మనుమలో అక్కడ నుద్యోగములు చేయుచుందురు. వారిని చూడబోయినప్పుడు మీరును ఆ యద్దపు మేడలను తలయెత్తి చూచియే యుందురు.

ఆ ప్రాంతమున ఇండ్లు కట్టి యమ్మువారి కార్యాలయములోనికి పోయినచో నట్టనడుమ బల్లపై గాజుపెట్టెలో నొక చిన్న పట్టణము కనబడును. మోచేతి యెత్తు మేడలు, కిటికీలలో ఆవగింజలంత దీపములు, అగ్గిపుల్ల తలకంటె కొంచెము పెద్దవియగు మనుష్యుల రూపములు, పచ్చని దూది పింజలవంటి చెట్లు, నీలపు గాజుముక్కతో చేసిన కొలను. ఇంకను కట్టని యింటికి ముందుగా చేసిన నమూనా యది. రాబోవు వస్తువున కక్కడ నమూనా యున్నది. ఆ నేలమీదనే లోగడ నుండిన మట్టిగోడల యిండ్లకు, మోటబావులకు, ఎడ్లబండ్లకు మాత్రము ఆ బల్లపై చోటు లేదు. అమ్మువారిని తప్పుపట్టుట కీమాట చెప్పలేదు. వారు తమ సరకు చూపుచున్నారు. పోయిన వస్తువులకు నమూనాలు చేయవలసినవారు మఱియొకరు కలరు. వారెవరో నా ప్రసంగము ముగియునప్పటికి మీకే తెలియగలదు.

నమూనా అనగా నేమో ముందు విచారింతము. బొమ్మకును నమూనాకును భేదము కలదు. దసరాకో, సంక్రాంతికో మన యిండ్లలో బొమ్మల కొలువు తీర్చుదురు గదా. అందు శెట్టి బొమ్మ యేనుగుకంటె లావుగా నుండును. ప్రక్కనున్న గోపురము ఆ శెట్టి భుజమునకు వచ్చును. దానిని చూచి నవ్వినవాడు లేడు. కొలువునకు కావలసినది కళ, కొలత గాదు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండిలో ఱంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్ళు చేతులు అతికి, సుద్ద పూసి, రంగులు దిద్దుదురు. వారి యంబారీ యేనుగునకుగాని, తాడియెక్కు గీతకానికిగాని ప్రాణము భావములో నున్నది. అది బొమ్మ. అందలి గొప్పతన మందున్నది.

నమూనా మార్గము వేఱు. అసలు వస్తువును ఎన్నవ వంతునకు తగ్గించితిమో, అందలి ప్రతి యవయవమును సరిగా నన్నవ వంతునకే తగ్గింపవలెను. చక్రమును పండ్రెండవ వంతు చేసి, ఇరుసును పదవ వంతు చేసినచో అది బొమ్మయే కాని నమూనా కానేరదు. ఈ నియమము మనకు క్రొత్తదికాదు. మన శిల్పశాస్త్రములు ఎనిమిది యవలు ఒక యంగుళమనియు, పండ్రెండంగుళములు ఒక తాళమనియు, ఇరువదినాలుగంగుళములు ఒక హస్తమనియు మానము చెప్పినవి. ముఖము పొడవును తాళముగా నెంచి, తక్కిన శరీరమంతయు నన్ని తాళములని విధించినవి. కనుకనే దేవాలయమున నిలువెత్తు మూలవిరాట్టునకును, పీటపై నిలుచు ఉత్సవమూర్తికిని పాళ్ళు చెడక యుండును. పరిమాణము మాఱినను ప్రమాణము మాఱదు.

ఇక పాశ్చాత్యుల నమూనాలలో మిక్కిలి వాడుకలోనున్న కొలత యేదో చెప్పుదును. ఇంగ్లాండులో 1936వ సంవత్సరమున ఫ్రాగ్ అను సంస్థవారు పెంగ్విన్ అను పేర, ముక్కలుగా నుంచి కొన్నవారే అతుకుకొనునట్టి ప్లాస్టిక్కు విమానముల పెట్టెలను అమ్మకమునకు తెచ్చిరి. అవి అసలు విమానమునకు 72వ వంతు. నేటికిని విమానముల నమూనాలు చేయువారు ఆ వంతునే యెక్కువగా వాడుదురు. ఈ 72 అను సంఖ్య యెక్కడిది? ఆఱడుగులకు డెబ్బది రెండంగుళములు. ఆఱడుగుల పొడవరి యంగుళమంత యగును. మన పల్లెలలో బావిలోతును, త్రాడు పొడవును దేనితో కొలిచెదరు? బారతో. రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. మూర పదునెనిమి దంగుళములైనచో బార సరిగా డెబ్బది రెండంగుళములే. అనగా దొరలు లెక్కవేసి పెట్టుకొన్న కొలతను మన రైతు తన చేతులు చాచి చెప్పగలడు: బార కంగుళము. అట్లే పండ్రెండవ వంతు నమూనాలో అడుగున కంగుళము, మూరకు ఒకటిన్నర యంగుళము, జానకు ముప్పాతిక యంగుళము. నలువది యెనిమిదవ వంతులో అడుగునకు పాతిక యంగుళము. ఈ లెక్క తెలిసినచో నమూనావిద్యలో మొదటి పాఠము ముగిసినట్లే.

ఒక్క సంగతి మఱవరాదు. పొడవు పండ్రెండవ వంతైనచో వైశాల్యము 144వ వంతగును, బరువు 1728వ వంతగును. 360 కిలోల బండికి అదే కొయ్యతో పండ్రెండవ వంతు నమూనా చేసినయెడల తూకము సుమారు 208 గ్రాములే యగును. కంటికి పండ్రెండవ వంతు, చేతికి దూదిపింజ. ఈ సూక్ష్మము తెలిసినందుననే గొప్ప ఆనకట్టలను కట్టుటకు ముందు ఇంజనీర్లు నమూనాలను చేసి, వాటిపై నీరు పాఱించి, ఏది యేపాటి తగ్గునో లెక్కకట్టి నేర్చుకొందురు. గోదావరిపై పోలవరము ప్రాజెక్టు స్పిల్‌వేకు పూణే చెంత ఖడక్‌వాస్లాలోని కేంద్ర జలవిద్యుత్ పరిశోధనశాలలో నట్లే పరీక్షలు చేసిరి. నమూనాలు పిల్లలాట యనువారు ఈ సంగతి గమనింతురుగాక.

అయినను పిల్లలాటను తేలికచేయుట నాకిష్టము లేదు. శూద్రకుని నాటకమునకు మృచ్ఛకటికమని పేరు వచ్చినది ఒక బిడ్డ యాడుకొను మట్టిబండి వలననే. అంతకంటె చాల ముందు, హరప్పా, మొహెంజోదారో పట్టణముల శిథిలములలో కాల్చిన మట్టితో చేసిన బుల్లి యెడ్లబండ్లు దొరకినవి. అవి పిల్లల యాటవస్తువులని పండితులు తలంచుచున్నారు. ఆనాటి అసలు బండ్ల కొయ్య యేనాడో పుచ్చి మన్నైపోయినది. నాలుగువేలయేండ్లకు పైబడిన ఆ కాలమున బండి యెట్లుండెనో, చక్రమున కాకులుండెనో లేదో మనకు చెప్పుచున్నవి ఆ మట్టిబండ్లే. ఈజిప్టు దేశమున మేకెత్రే యను నొక యున్నతోద్యోగి సమాధిలో 1920లో విన్‌లాక్ అను పండితుడు కొయ్య నమూనాలను కనుగొనెను. ధాన్యపుకొట్టు, అందు కూర్చుండి లెక్క వ్రాయు గుమస్తాలు, వడ్రంగుల కొట్టము, నేతగాండ్ర యిల్లు, పశువులశాల, పడవలు, అన్నియు చేతనెత్తుకొనదగినంతలో నున్నవి. సుమారు నాలుగువేలయేండ్ల క్రిందటి వడ్రంగి ఱంపమును ఎట్లు పట్టెడివాడో నేడు కైరోలోను, న్యూయార్కులోను కన్నులార చూడవచ్చును. రాజుల శాసనములు రాజుల సంగతి చెప్పినవి. గుమస్తా సంగతి, వడ్రంగి సంగతి నమూనాలు చెప్పినవి.

కావున నమూనా సాక్షివంటిది. సాక్షి కుండవలసిన మొదటి గుణము సత్యము. దీనిని చట్టము కూడ నొప్పుకొన్నది. 2016లో పార్లమెంటువారు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము పండ్రెండవ సెక్షనులో, ప్రకటనలనుగాని, నమూనా గృహమునుగాని నమ్మి సొమ్ము కట్టినవానికి, అందలి యసత్యమువలన నష్టము కలిగినచో, కట్టువారే పరిహార మీయవలెనని యున్నది. హైటెక్ సిటీలో బిడ్డలు ఇల్లు కొనబోవునప్పుడు మీరును వెంట పోవుట కలదు గనుక ఒక చిన్న యుపాయము చెప్పుదును. గాజుపెట్టెలోని మేడలను మెచ్చుకొని యూరకుండక, “ఇది యెన్నవ వంతు?” అని అడుగుడు. నూఱవ వంతని వారు చెప్పినయెడల సెంటీమీటరు ఒక మీటరగును. ఒక దారముతో రెండు మేడల నడుమ సందును కొలిచి చూడుడు. తొమ్మిది సెంటీమీటర్లు వచ్చినచో తొమ్మిది మీటర్లు. ప్లానులో ఆ సందు ఆఱు మీటర్లే యున్నచో ఎందుకని యడుగుడు. చెట్టు మూడంతస్తుల యెత్తున నున్నచో అది యెన్నేండ్ల చెట్టో అడుగుడు. ప్రక్కవారి మేడ ఆ పెట్టెలో నేల కనబడదో అడుగుడు. నమూనాను కొలత తెలిసి చూచువాడు మోసపోడు.

రాబోవు దానికి నమూనా యెట్లు సాక్షియో చూచితిమి. పోయినదానికి నమూనా యెట్లు సాక్షియగునో తెలుగుదేశముననే గొప్ప నిదర్శనము కలదు. హైదరాబాదునుండి సుమారు 150 కిలోమీటర్ల దూరమున కృష్ణ యొడ్డున నాగార్జునకొండ లోయ యుండెడిది. ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి యచ్చటనే. 1926లో ఆ లోయలో నొక ప్రాచీన స్తంభమును చూచి, ఇది సామాన్యమైన ఱాయి కాదని గుర్తించి, మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసినవాడు సూరపరాజు వేంకటరామయ్య యను నొక బడిపంతులు. నా వృత్తివాడగుటచే ఆ పేరు చెప్పునప్పుడు నాకు కొంచెము గర్వము కలుగును. తరువాత పెద్ద పండితులు వచ్చి త్రవ్వకములు సాగించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగక తప్పదు. కావున 1954 మొదలు 1960 వఱకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున లోయనంతయు త్రవ్వి, కొలిచి, పటములు వ్రాసిరి. కొన్ని కట్టడములను పెకలించి కొండ శిఖరముపై మరల నిలిపిరి. ఆ శిఖరమే నేడు ద్వీపము. మఱికొన్నింటికి తూర్పుగట్టున అనుపు దగ్గఱ ప్రతికృతులు కట్టిరి.

ఆ ద్వీపముమీది మ్యూజియములో నొక శాల కలదు. అందు శిల్పములకంటె ముఖ్యముగా నమూనాలే యుండును. స్తూపములకును, విహారములకును చిన్న నమూనాలు, చుట్టును కొండలతో కూడ లోయకంతకు నొక పెద్ద నమూనా. మీరు పడవదిగి ఆ శాలలో నిలిచినప్పుడు, ఏ నీటిమీదుగా వచ్చితిరో ఆ నీటి క్రింది నేల మీకు బల్లపై కనబడును. ఏ విహారము ఏ కొండకు దగ్గఱనో, నది యెటు వంపు తిరిగెనో చూపుడువ్రేలితో చూపవచ్చును. ఆనకట్టవలన లక్షల యెకరములకు నీరు వచ్చినది. దానిని కాదనువాడెవడు? కాని మునుగుటకు ముందు కొలిచినవారుండుటచే లోయ మన కన్నులనుండి పూర్తిగా పోలేదు. కొలిచినవారు లేకున్న నీరొక్కటియే మిగిలెడిది.

హైటెక్ సిటీ ప్రాంతపు పల్లెలు నీటమునుగలేదు, కట్టడములలో మునిగినవి. అచ్చట 1992లో ఏర్పడిన శిల్పారామమున పల్లె మ్యూజియ మొకటి కలదు. పూరిండ్లు, కుమ్మరి, సాలె మొదలగు వృత్తులవారి రూపములు నిలువెత్తున చేసి నిలిపిరి. మీ మనుమలను తీసికొనిపోయి చూపదగిన చోటది. అయితే ఒక్క మ్యూజియము అన్ని యూళ్ళ పనిముట్లను దాచలేదు. గోదావరి లంకలలోని బండి వేఱు, పాలమూరు మెట్టలోని బండి వేఱు. రేగడి నేల నాగలి వేఱు, చల్కనేల నాగలి వేఱు. వాని కొలతలు ఏ పుస్తకమునను లేవు. ఉన్నచోటు ఒక్కటే, మీ జ్ఞాపకము.

ఇందుకు నే నెఱిగిన దృష్టాంత మొకటి చెప్పుదును. మాదాపురములో కంప్యూటరు పని చేయు పాలమూరు యువకు డొకడు సెలవుదినములలో నమూనాలు చేయు సరదా కలవాడు. ప్లాస్టిక్కు విమానములు చాలించి, తమ పొలములోని మోటబావికి ఇరువదినాలుగవ వంతు నమూనా మొదలుపెట్టెను. ముప్పదియడుగుల బావి పదునై దంగుళములైనది. గిలక, మోకు, తోలుబొక్కెన, దాని తొండము, అన్నియు పాతపటములను చూచి చక్కగా చేసెను. ఎడ్లు దిగు నేటవాలు దారిని మాత్రము బల్ల చాలదని ఏడంగుళములే యుంచెను. సంక్రాంతికి ఊరికి తీసికొనిపోయి తాతకు చూపగా, ఆ వృద్ధుడు క్షణకాలము చూచి నవ్వి, “ఒరే బిడ్డా, గీ బాటెంట ఎడ్లు పోతె బొక్కెన నడిబాయిలనే నిలబడ్తది గదరా!” అనెను.

ఎంత గొప్ప విమర్శ! ఎడ్లు ఎంత దూరము నడచునో బొక్కెన యంతే పైకి వచ్చును. కావున బావి లోతెంతయో దారి పొడవు నించుమించుగా నంత యుండవలెను. దారి పల్లముగా నుండుటవలన ఎడ్ల బరువు కూడ లాగుటకు తోడ్పడును. తొండమునకు వేఱొక సన్నని త్రాడు. తొండము కొన పైకి మడిచియున్నంతవఱకు నీరు నిలుచును, గట్టుకు రాగానే ఆ త్రాడు తొండమును చాపును, నీరు కాలువలో పడును. పటము వీనిలో నొక్కటియు చెప్పలేదు. తాత చెప్పెను. ఆ యువకుడు దారిని పదునైదంగుళములకు పెంచి, బల్లకు మఱియొక పలక నతికెను. ఆ తాత సంతకము తప్ప వేఱేమియు వ్రాయనేరనివాడు. అయినను ఆ దినమున ఆ యింటిలో ఇంజనీరాయనయే.

ఇక నమూనా చేయు విధానమును ఎడ్లబండి నుదాహరణముగా తీసికొని చెప్పుదును. అడుగున కంగుళము చొప్పున పండ్రెండవ వంతు పెట్టుకొనుడు. చేతికిని కంటికిని అది యనుకూలము. ఇంగ్లాండు రాణి మేరీకి 1924లో లుట్యెన్సు అను శిల్పి కూర్చిన ప్రసిద్ధమైన బొమ్మరింటికిని అదే కొలత. ఆ లుట్యెన్సే ఢిల్లీలో నేటి రాష్ట్రపతి భవనమును నిర్మించినవాడు. అంత పెద్ద భవనమును కట్టినవాడు అంగుళమంత కుళాయినుండి నిజముగా నీరు వచ్చునట్లు చేయుటకు సిగ్గుపడలేదు.

మొదటి పని కొలత. పెద్దవారు మూరలతో, జానలతో చెప్పుదురు గాన ముందుగా చెప్పువారి మూర యెన్ని యంగుళములో టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. అందఱి మూర యొకటి కాదు. తరువాత అవయవముల పేళ్ళు, ఎదురుగా కొలతలు వ్రాయవలెను. ఇరుసు, కుండ, ఆకులు, పూటీలు, ఇనుప పట్టా, చీల, నొగలు, కాడి. పేరు లేని కొలత తలలేని మొండెము. రెండవ పని పటము. నమూనా యెంత యుండునో సరిగా నంత కాగితముపై ప్రక్కనుండి యొకటి, పైనుండి యొకటి, వెనుకనుండి యొకటి గీయవలెను. మూడవది చక్రము. ఐదడుగుల చక్రము ఐదంగుళములగును. పండ్రెండాకుల చక్రమునకు ఆఱు పూటీలు, పూటీకి రెండాకులు. వృత్తమును గీచిన కంపాసును తెఱచినది తెఱచినట్లే యుంచి పరిధిమీద నడిపించినచో సరిగా ఆఱు గుఱుతులు పడును. ఆఱు పూటీలు చేయు వడ్రంగి యే రేఖాగణితమును చదువలేదు గాని, ఆ సిద్ధాంతము అతని చేతిలో నుండెను.

సామగ్రికి వెదకుకొననక్కఱలేదు. పొణికి కొయ్య మెత్తనిది, తేలికయైనది. ఆకులకు వెదురు చీలిక, అతుకుటకు జిగురు, నున్నచేయుటకు గరుకు కాగితము, కోయుటకు సన్నని ఱంపము, ఒక వాడియైన కత్తి. మీ బాల్యమున జొన్న దంట్ల బెండుతోను, ఈనెలతోను బండ్లు చేసిన చేతులే మీవి. క్రొత్త సాధనములు కావలసినవారికి అవియు కలవు. రాయదుర్గమున 2023 మార్చి 2వ తేదీన టీ-వర్క్స్ అను గొప్ప కర్మశాల తెఱచిరి. క్రొత్త వస్తువులను కల్పించువారు ముందుగా మాదిరి చేసి చూచుకొనుటకై అందు త్రీడీ ప్రింటర్లును, లేజరు కోతయంత్రములును కలవు. త్రీడీ ప్రింటరు పొరమీద పొర పేర్చి, చెప్పిన ఆకారమును చేసి పెట్టును. కాని చెప్పవలసిన కొలత మనుష్యుడే చెప్పవలెను. తప్పు కొలత చెప్పినచో యంత్రము ఆ తప్పునే యెంతయో చక్కగా చేసిపెట్టును.

ఇక తుది మెఱుగులు. ఇందే నమూనాకారుని వివేకము తెలియును. అంగుళము మందముగల మోకునకు పండ్రెండవ వంతు నమూనాలో సన్నని నూలు పేట చాలును. అసలు మోకు ముక్కయే గదా యని పెట్టినచో కొండచిలువవలె నుండును. పెద్ద పొరలుగల కొయ్య పనికిరాదు. కొయ్య చిన్నదైనను దాని పొరలు చిన్నవి కావు. రంగును నిగనిగలాడునట్లు పూయరాదు. ఇరుసు దగ్గఱ కందెన నలుపు, పూటీల క్రింద ఎండిన బురద, కాడిమీద ఎద్దు మెడ రాపిడికి నునుపెక్కిన చోటు, బండివాడు చేయి వేసి యెక్కు నొగపై అరిగిన గుఱుతు, ఇవి యన్నియు సరియైన స్థానమున నుండవలెను. అరుగుదల అందము కొఱకు కాదు. ఏ చేయి యెక్కడ పడెనో, ఏ భారము నేది మోసెనో చెప్పునది అరుగుదలయే.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలెను. పోయినదానికి నమూనా చేయునప్పుడు మనసు దానిని చక్కబఱచి చూపుమని తొందరపెట్టును. ఇల్లన్నచో క్రొత్తగా నలికిన యిల్లు, ఎద్దన్నచో బలిసిన యెద్దు, ఊరన్నచో పండుగనాటి యూరు. అది సాక్ష్యము కాదు, స్తోత్రము. మోటకొట్టినవాని యఱచేతుల బొబ్బలు మనకు తెలియును. కరెంటు మోటారు వచ్చినందుకు ఎడ్లును, మనుష్యులును బ్రదికిరి. మోట మరల రావలెనని యెవ్వరును కోరనక్కఱలేదు. అది యెట్లుండెనో, ఎంత కష్టమో, ఎంత తెలివితో కట్టిరో తప్పక తెలియవలెను. గోడ కూలియున్నచో కూలినట్లే చేయుడు. గుడిసె ద్వారము వంగి దూరవలసినంత పొట్టిదైనచో ప్రక్కన మనిషిని నిలిపి ఆ పొట్టితనమును చూపుడు. అబద్ధమాడు నమూనా చేయుటకంటె చేయకుండుటయే మేలు.

ఇప్పుడు మొదట నడిగిన ప్రశ్నకు వత్తును. పోయినవాటికి నమూనాలు చేయవలసినవారెవరు? ఇద్దఱు కలిసి చేయవలెను. నగరమున నున్న మనుమనికి సాధనములు కలవు, కన్ను వాడిగా నున్నది, చేయి నిలుకడగా నున్నది. దినమంతయు తెరమీది యక్షరములను చూచి విసిగిన కన్నులకు ఒక కొయ్యముక్కను నున్నచేయుట యెంత విశ్రాంతియో ఆ విద్య పట్టినవారిని అడుగుడు, చెప్పుదురు. కాని వానికి కొలత తెలియదు. మీకు కొలత తెలియును. మీ చేయి వడకవచ్చును, మీ చూపు తగ్గవచ్చును. ఏడికోల యెంత పొడవుండవలెనో, కఱ్ఱు ఎంత వాలుగా నుండవలెనో, గొఱ్ఱుమీది జడ్డిగమునకు రంధ్రము లెన్నో మీకు నిదురలో లేపి యడిగినను తప్పులేక చెప్పగలరు. ఆ యిద్దఱి నడుమ నిప్పుడున్నది టెలిఫోనులో క్షేమసమాచారము మాత్రమే. ఆ మాటలలో నొక కొలతకు చోటిండు.

“వాండ్లకు తీరిక యెక్కడిది?” అని మీరనవచ్చును. వారికి తీరిక చిక్కుట సంక్రాంతికో, దసరాకో. మీ తీరిక యిప్పుడే యున్నది. ఒక నోటుపుస్తకము తీసికొనుడు. మొదటి పుటలో మీ జాన, మీ మూర, మీ బార ఎన్ని యంగుళములో వ్రాయుడు. తరువాతి పుటలలో మీ యింటనో, ఇరుగుపొరుగుననో మిగిలియున్న యొక్కొక్క పనిముట్టును కొలిచి, అవయవముల పేళ్ళతో వ్రాయుడు. వస్తువు లేకపోయి జ్ఞాపకము మాత్రమున్నచో, జ్ఞాపకమునుండి వ్రాసితినని ప్రక్కన గుఱుతు పెట్టుడు. సాక్షికి అదియు ధర్మము. మీ యూరి వడ్రంగిలో, కమ్మరిలో పెద్దవారుండినచో వారిని పిలిచి కూర్చుండబెట్టి యడుగుడు. చక్రమునకు ఎఱ్ఱగా కాల్చిన పట్టాను తొడిగి నీళ్ళు పోసి బిగించునప్పుడు పట్టా యెంత కుఱుచగా కోయవలెనో చెప్పగలవాడు మీ మండలములో నెందఱున్నారో లెక్కించి చూడుడు. పదేండ్ల తరువాత ఎందఱుందురో కూడ ఆలోచింపుడు.

మనుమడు ఇంటికి వచ్చినప్పుడు పిండివంటలతోపాటు ఆ నోటుపుస్తకమును కూడ వాని చేతిలో నుంచుడు. వాడు చేయునో చేయడో వాని యిష్టము. వాడు చేయకున్న వాని కొడుకు చేయవచ్చును. కొలత వ్రాసియున్నంతకాలము బండి మరల పుట్టగలదు. బల్లమీద, అడుగున కంగుళమైనను సరియే.